మొలల మందు రాసే ముందు

మలంలో రక్తం కనిపించగానే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట ‘వేడి చేసింది’. రెండు రోజులు మజ్జిగ ఎక్కువ తాగుతారు, సబ్జా గింజలు నానబెట్టుకుంటారు, ఆవకాయ పక్కన పెడతారు. తగ్గకపోతే మందుల షాపుకెళ్లి ‘మొలలకు ఏదైనా ఇవ్వండి’ అని అడుగుతారు. అదీ పని చేయకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, ఆ తర్వాత బస్టాండు గోడ మీద బోర్డు చూసి పైల్స్ క్లినిక్‌కి. మధ్యలో రక్తం ఆగుతుంది, మళ్లీ పడుతుంది. ఆగిన ప్రతిసారీ చివరగా వాడిన మందుకు మంచి పేరొస్తుంది. ఇలా ఆరు నెలలో, ఏడాదో గడుస్తుంది. మనిషి బరువు తగ్గి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే స్థితిలో పెద్దాసుపత్రికి చేరతాడు. అక్కడ కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూసే పరీక్ష) చేసి, పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళంలో క్యాన్సర్ గడ్డ ఉందని చెబుతారు.

ఈ దారిలో అతను కనీసం నలుగురైదుగురికి తన బాధ చెప్పుకున్నాడు. ఎవరూ చేతికి గ్లవ్ వేసుకుని పరీక్ష చేయలేదు. పెద్దపేగు క్యాన్సర్ విషయంలో ఆరోగ్య సిబ్బందికి శిక్షణ అనగానే పెద్ద ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ యంత్రాలు, సదస్సులు గుర్తుకొస్తాయి. వాటి అవసరం వాటికుంది. తెలుగు రాష్ట్రాల పరిస్థితిలో మాత్రం శిక్షణ మొదలుకావాల్సిన చోటు ఈ దారి. ‘రక్తం పడుతోంది’ అన్న మాటను మొదట వినేవాళ్లందరూ అక్కడే ఉన్నారు.

మలంలో రక్తం పడేవాళ్లలో ఎక్కువమందికి నిజంగానే మొలలో, చీలికో ఉంటాయి. ఇక్కడున్న చిక్కంతా అదే. వందమందికి మొలలే అయినప్పుడు నూట ఒకటో మనిషికి కూడా మొలలే అనుకోవడం మనిషి సహజ గుణం. పైగా మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదన్న నియమం ఎక్కడా లేదు. రెండూ కలిసి ఉంటే మొలలు కంటికి కనిపిస్తాయి, గడ్డ కనిపించదు.

పదేళ్ల గడువున్న జబ్బు

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న కండ పెరుగుదలతో మొదలవుతుంది. పేగు లోపలి పొర మీద పుట్టగొడుగులానో, చిన్న మొటిమలానో ఉండే ఆ పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. అన్ని పాలిప్‌లూ మారవు. మారే రకాన్ని కొలనోస్కోపీలో కనిపెట్టి అక్కడికక్కడే తీసేస్తే జబ్బు పుట్టకముందే ఆగిపోతుంది. ఇంత పొడవైన గడువు ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒకటి, ఇది ఒకటి. ఒకవేళ క్యాన్సర్‌గా మారినా, పేగు దాటకముందే దొరికితే ఐదేళ్ల తర్వాత బతికి ఉండేవాళ్లు అమెరికా లెక్కల ప్రకారం నూటికి 90 మంది. కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకాక దొరికితే ఆ సంఖ్య 15 దగ్గరికి పడిపోతుంది.

2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా 19 లక్షలకు పైగా కొత్త కేసులు, 9 లక్షలకు పైగా మరణాలు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల తర్వాతి స్థానం దీనిదే. భారతదేశంలో కొత్త కేసులు ఏడాదికి దాదాపు 70 వేలు. వయసు తేడాలు సరిచేసి చూస్తే మన దగ్గర లక్ష జనాభాకు 5 దగ్గర, ప్రపంచ సగటు 18 దగ్గర. అంటే మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలంత విస్తారంగా లేదు. కానీ ఇక్కడ వచ్చే తీరు వేరు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి తన దగ్గరికొచ్చిన 800 మంది రోగుల వివరాలను విశ్లేషిస్తే సగటు వయసు 47 ఏళ్ల దగ్గర తేలింది. పాశ్చాత్య దేశాల్లో ఇది ప్రధానంగా అరవై దాటినవాళ్ల జబ్బు. పురీషనాళంలో వచ్చే గడ్డల వాటా మన దగ్గర ఎక్కువ. వేగంగా పాకే రకం కణాలు కూడా కాస్త ఎక్కువగానే కనిపిస్తాయి.

ఈ జబ్బును ముందే పట్టడానికి జపాన్ 1992 నుంచే 40 దాటినవాళ్లకు ఏటా మలపరీక్ష చేస్తోంది. ఇంగ్లండ్‌లో రెండేళ్లకోసారి ఇంటికే పరీక్ష కిట్ పోస్టులో వస్తుంది. అమెరికాలో మొదలుపెట్టే వయసును 2021లో 50 నుంచి 45కి తగ్గించారు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువాళ్లకు 45 నిండగానే డాక్టరే ఈ మాట ఎత్తుతాడు. మన దేశంలో 30 దాటినవాళ్లకు ప్రభుత్వం ఇంటింటా చేసే పరీక్షల్లో నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నాయి. పెద్దపేగు లేదు. కేసుల సంఖ్య, ఎండోస్కోపీ చేయగల డాక్టర్ల సంఖ్య చూస్తే ఇప్పటికిప్పుడు ఊరంతటికీ మలపరీక్షలు పెట్టకపోవడంలో అర్థముంది. కిట్లు పంచి, పాజిటివ్ వచ్చినవాళ్లకు కొలనోస్కోపీ తేదీ ఇవ్వలేకపోతే చేసింది మేలు కాదు, భయపెట్టడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ ఒక తేడా చూపిస్తాయి. ఏ లక్షణమూ లేనివాళ్లను పిలిచి పరీక్షించడం ఒకటి. లక్షణం మొదలైనవాళ్లను ఆలస్యం లేకుండా గుర్తించడం ఇంకొకటి. మొదటిదానికి డబ్బు, యంత్రాలు, పెద్ద వ్యవస్థ కావాలి. రెండోదానికి ముఖ్యంగా కావాల్సింది శిక్షణ. తెలుగు రాష్ట్రాలు మొదట తేల్చుకోవాల్సింది ఈ రెండోది.

రెండు నిమిషాల పరీక్ష

పురీషనాళం పొడవు 12 నుంచి 15 సెంటీమీటర్లు. గ్లవ్ వేసుకున్న వేలు అందులో ఏడెనిమిది సెంటీమీటర్ల దాకా అందుతుంది. పురీషనాళంలో గడ్డల వాటా ఎక్కువున్న దేశంలో దీని అర్థం స్పష్టం. ఏ స్కానూ లేకుండా, ఏ ల్యాబూ లేకుండా, మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే కొన్ని క్యాన్సర్లు వేలికి తగులుతాయి. గట్టిగా, అంచులు పైకి లేచి, మధ్యలో పుండులా ఉండే గడ్డ ఒక్కసారి తగిలితే ఏ డాక్టరూ మర్చిపోలేడు. వేలు బయటికి తీశాక గ్లవ్ మీద రక్తం, జిగట అంటుకుని ఉంటాయి.

ఇందులో శిక్షణ ఇచ్చేవాళ్లు గట్టిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. లోపలి మొలలు మెత్తగా ఉంటాయి. మామూలుగా వేలికి తెలియవు. వాటిని చూడాలంటే ప్రాక్టోస్కోప్ అనే చిన్న గొట్టం పెట్టాలి. కాబట్టి ‘మొలలు’ అని చీటీ మీద రాయాలంటే అవి కంటికి కనిపించి ఉండాలి. రోగి చెప్పిన మాట విని, కుర్చీలోంచి లేవకుండా ‘మొలలు’ అని రాస్తే అది ఊహే అవుతుంది. ఆ ఊహ చీటీ మీదికి ఎక్కాక తర్వాతి డాక్టరూ దాన్నే నమ్ముతాడు. అలా ఒకరి ఊహ మరొకరి రోగనిర్ధారణ అయిపోతుంది.

ఎంబీబీఎస్ చదివిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష పుస్తకాల్లో తెలుసు. చేయకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. ఓపీలో బయట ఎనభై మంది నిలబడి ఉంటారు. గదికి తెర ఉండదు. రోగి సిగ్గుపడతాడు, డాక్టరూ సిగ్గుపడతాడు. ఆడవాళ్లను పరీక్షించాలంటే పక్కన స్టాఫ్ నర్సు ఉండాలి, ఆమె ఆ సమయంలో టీకాల గదిలో ఉంటుంది. అందుకే పుస్తకంలో ఉన్నదాన్ని మళ్లీ స్లైడు మీద చూపించే శిక్షణ వల్ల లాభం లేదు. నిజంగా ఉపయోగపడే శిక్షణ ఎలా ఉంటుందంటే: తెర ఎక్కడ కట్టాలో తేల్చుకోవడం, లిగ్నోకెయిన్ జెల్లీ ట్యూబు, గ్లవ్స్ డబ్బా ఏ సొరుగులో ఉండాలో నిర్ణయించుకోవడం, రోగిని ఎడమ పక్కకి తిప్పి మోకాళ్లు కడుపు దగ్గరికి ముడుచుకోమని ఏ మాటలతో చెప్పాలో పలికి చూడటం. ‘లోపల ఏముందో ఒకసారి వేలితో చూస్తానండి, నొప్పి ఉండదు, లెట్రిన్ వచ్చినట్టు అనిపిస్తుంది, భయపడకండి’ అని ముందే చెబితే వద్దనేవాళ్లు తక్కువ. సిలికాన్‌తో చేసిన నమూనాల మీద గడ్డ ఉన్న పేగుకీ లేని పేగుకీ తేడా వేళ్లకు అలవాటు చేయవచ్చు.

దీనితోపాటే ఇంకో మాట నేర్పాలి. వేలికి ఏమీ తగలకపోతే ఏమీ లేదని కాదు. పెద్దపేగు దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవు. వేలు చూసింది చివరి కొస మాత్రమే. రక్తం ఆరు వారాలు దాటి పడుతున్నా, విరేచనం తీరు మారి అలాగే కొనసాగుతున్నా, వెళ్లొచ్చిన వెంటనే మళ్లీ వెళ్లాలనిపిస్తున్నా, బరువు తగ్గుతున్నా రిఫరల్ చీటీ రాయాల్సిందే.

ఈ చివరి లక్షణాల దగ్గర మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. జిగట, రక్తం, తీరని మలశంక కలిపి చెబితే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది అమీబియాసిస్, అంటే అమీబా వల్ల వచ్చే జిగట విరేచనాలు. మెట్రోనిడజోల్ ఐదు రోజులు రాస్తారు. తప్పు లేదు. నెల తర్వాత అదే మనిషి అదే బాధతో వస్తే మళ్లీ అదే మందు రాయడం తప్పు. మూడోసారీ రాస్తే ఆ కేంద్రంలో శిక్షణ జరగనట్టే లెక్క. ఒక చిన్న నియమం పెట్టుకోవచ్చు: ఒకే రోగి, ఒకే ఫిర్యాదు, రెండోసారి వస్తే మందు మార్చడం కంటే ముందు పరీక్ష.

రక్తం తక్కువైన మగవాడు

పేగు కుడివైపున పుట్టే క్యాన్సర్ మరీ మౌనంగా ఉంటుంది. అక్కడ మలం ఇంకా నీళ్లగా ఉంటుంది కాబట్టి అడ్డుపడటం ఆలస్యమవుతుంది. కారే రక్తం దారిలో మలంతో కలిసిపోయి కంటికి కనిపించదు. బయటికి తెలిసేది నీరసం ఒక్కటే. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7, 8 దగ్గర ఉంటుంది. రక్తహీనత మన ఊళ్లలో ఎంత మామూలు విషయమంటే దానికి కారణం వెతకాలన్న ఆలోచనే రాదు. ఐరన్ మాత్రలు ఇస్తారు. హిమోగ్లోబిన్ కాస్త పెరుగుతుంది. గడ్డ కూడా పెరుగుతుంది.

నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లలో, గర్భిణుల్లో రక్తహీనతకు కారణాలు తేలిగ్గా అర్థమవుతాయి. మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఇనుము లోపించి రక్తం తగ్గితే అది ఎక్కడో కారిపోతోందని ముందు అనుమానించాలి. కడుపు, పేగు చూడాలి. ఏఎన్‌ఎంకు, గ్రామ క్లినిక్‌లో ఉండే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్‌కు, పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా సిబ్బందికి నేర్పాల్సిన పాఠాల్లో దీన్ని ముందు వరసలో పెట్టాలి. దీనికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు. హిమోగ్లోబిన్ రిజిస్టరు వాళ్ల బల్ల మీదే ఉంటుంది.

ఆశా కార్యకర్త శిక్షణ మరో రకం. ఆమెకు పేగు బొమ్మ గీసి భాగాలు చెప్పనవసరం లేదు. ఏ మాటతో అడగాలో ఆమెకే బాగా తెలుసు. ‘మలంలో రక్తస్రావం ఉందా’ అని రాతలో ఉన్న ప్రశ్నకు ‘లేదు’ అనే జవాబు వస్తుంది. ‘దొడ్డికెళ్లినప్పుడు ఎర్రగా పడుతోందా పిన్నీ’ అని అడిగితే కథ మొత్తం బయటికి వస్తుంది. ఆడవాళ్లు ఈ సంగతి ఇంట్లో భర్తకు కూడా చెప్పరు. నెలసరి రక్తమే అనుకుని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. శిక్షణ తరగతిలో ఆశాల నుంచే ఈ మాటలు పోగుచేయాలి. ఆదిలాబాద్‌లో వాడే మాట ఒకటైతే శ్రీకాకుళంలో వాడే మాట ఇంకొకటి. హైదరాబాద్‌లో తయారైన ఒకే ప్రశ్నాపత్రం అందరికీ సరిపోదు.

ఇక ఆర్‌ఎంపీల సంగతి. వాళ్లకు శిక్షణ ఇవ్వాలా వద్దా అన్నది తెలుగు రాష్ట్రాల్లో పాత గొడవ. శిక్షణ ఇస్తే గుర్తింపు ఇచ్చినట్టవుతుందని డాక్టర్ల సంఘాలు అంటాయి. ఆ భయంలో నిజముంది. కానీ రాత్రి ఎనిమిదింటికి పల్లెలో దొరికేది అతనొక్కడే అన్నదీ నిజమే. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో ఇలాంటి 304 మందిని తీసుకుని, అందులో సగం మందికి తొమ్మిది నెలల్లో 150 గంటల శిక్షణ ఇచ్చి చూశారు. ఫలితాలు 2016లో వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లు జబ్బులను సరిగ్గా గుర్తించి చూసుకోవడం మెరుగైంది. అనవసరమైన మందులు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. అది పేగు క్యాన్సర్ గురించి చేసిన అధ్యయనం కాదు. అయినా దాని పాఠం ఇక్కడ పనికొస్తుంది. తెలియక చేసే తప్పును శిక్షణ సరిదిద్దుతుంది. ఆదాయంతో ముడిపడ్డ తప్పును సరిదిద్దాలంటే శిక్షణ ఒక్కటే చాలదు. ఆర్‌ఎంపీకి చెప్పాల్సిన పాఠం ఒకే వాక్యంలో పట్టాలి: నలభై దాటిన మనిషికి రక్తం పడుతుంటే మొలల మందు ఇవ్వొద్దు, పీహెచ్‌సీకి పంపు.

కిట్టు, ఎండ, జామకాయ

మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే గుర్తిస్తుంది. పాత గ్వాయక్ పరీక్షలో మాంసం, ముల్లంగి తిన్నా తప్పుడు ఫలితం వచ్చే వీలుంది, విటమిన్ సి మాత్రలు వేసుకుంటే ఉన్న రక్తం కూడా దొరక్కపోవచ్చు. ఫిట్‌కు ఆ పథ్యాలు లేవు. అందుకే ఇంగ్లండ్ 2019లో పాతదాన్ని వదిలి దీనికి మారింది. ఆ తర్వాత లక్షణాలున్న రోగుల్లో ఎవరిని ముందు కొలనోస్కోపీకి పంపాలో తేల్చడానికి కూడా అక్కడి ఫ్యామిలీ డాక్టర్లు దీన్ని వాడుతున్నారు. కొలనోస్కోపీ దొరకడం కష్టమైన మన జిల్లాలకు ఫిట్ ఈ రెండో రూపంలోనే ఎక్కువ ఉపయోగం.

అయితే కిట్ పెట్టె మీద రాసిన సూచనలు మన వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. వేడికి హిమోగ్లోబిన్ చెడిపోతుంది. ఇటలీలో చేసిన అధ్యయనంలో ఎండాకాలంలో ఇచ్చిన నమూనాల్లో పాజిటివ్‌లు తగ్గినట్టు తేలింది. ఇటలీ ఎండకే అలా ఉంటే రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల్లో ఆశా సంచీలో తిరిగిన నమూనా సంగతి చెప్పనక్కర్లేదు. రక్తం ఉన్నా లేదని వస్తుంది. ఆ తప్పుడు ‘లేదు’ మనిషిని ఇంకో ఏడాది నిశ్చింతగా కూర్చోబెడుతుంది. టీకాలను చల్లటి డబ్బాలో మోయడం మన సిబ్బందికి అలవాటే. ఈ గొట్టాన్నీ అంతే జాగ్రత్తగా మోయాలని ఎవరో ఒకరు చెప్పాలి. నమూనా తీయడంలోనూ చెప్పాల్సింది ఉంది. మన లెట్రిన్ గిన్నెలో నీళ్లుంటాయి, మలం నీళ్లలో పడకముందే పుల్లకు అంటించాలి. కింద పాత పేపరు పరిచి, మలం మీద నాలుగైదు చోట్ల పుల్లతో గీకి గొట్టంలో పెట్టాలి. ఒకసారి చేసి చూపిస్తే చాలు. చూపించకపోతే సగం నమూనాలు పనికిరావు.

కొలనోస్కోపీ ముందురోజు సూచనలదీ ఇదే కథ. పేగు శుభ్రంగా లేకపోతే ఎంత చెయ్యి తిరిగిన డాక్టరుకైనా చిన్న పాలిప్ కనిపించదు. ‘పీచు తక్కువ ఆహారం తీసుకోండి’ అని అచ్చేసిన కాగితం చేతికిస్తే రోగికి ఏం అర్థమవుతుంది? గోంగూర, తోటకూర, మునక్కాయ, జామకాయ, నువ్వులు, టమాటా గింజలు వద్దు, తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు తినొచ్చు అని చెబితే ఇంట్లో వండే మనిషికి అర్థమవుతుంది. జామ గింజ ఒక్కటి కెమెరా గొట్టానికి అడ్డం పడినా పని ఆగుతుంది. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి, అవి పేగు గోడకు నల్లగా అంటుకుంటాయి. షుగరు మందు, రక్తం పలచబరిచే మందు ఏం చేయాలో డాక్టర్ని అడిగి రాసివ్వాలి. పేగు శుభ్రం చేసే విరేచనాల పొడి కలిపిన నీళ్లు సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగితే పేగు బాగా శుభ్రపడుతుంది. ఈ సంభాషణ నడిపేది నర్సు. ఆమెకు పది నిమిషాల సమయం, ఆ పది నిమిషాల్లో ఏం చెప్పాలో శిక్షణ ఇవ్వడం వల్ల కలిగే లాభం కొత్త కెమెరా కొన్నదానికి తీసిపోదు.

కెమెరా పట్టుకునే డాక్టర్ల విషయంలో శిక్షణ ఎంత మార్పు తెస్తుందో బ్రిటన్ అనుభవం చెబుతుంది. 2004లో అక్కడ ప్రచురితమైన ఒక అధ్యయనం 9 వేలకు పైగా కొలనోస్కోపీలను లెక్కలోకి తీసుకుంది. గొట్టం పెద్దపేగు మొదటి కొస దాకా నిజంగా చేరింది 57 శాతం పరీక్షల్లోనే. చేసే డాక్టర్లలో తమ తొలి వంద పరీక్షలనూ సీనియర్ పర్యవేక్షణలో చేసినవాళ్లు 17 శాతం మాత్రమే. ఈ లెక్క బయటికి రావడం అక్కడి వైద్య వ్యవస్థకు మింగుడుపడని సంగతి, కానీ దాన్ని దాచలేదు. శిక్షణ కేంద్రాలు పెట్టారు, ప్రతి ట్రైనీ చేసిన ప్రతి పరీక్షనూ ఆన్‌లైన్ లాగ్‌బుక్‌లో నమోదు చేయించారు, స్వతంత్రంగా చేయడానికి ముందు కళ్లెదుట చేయించి చూశారు. నర్సులకు కూడా ఎండోస్కోపీ నేర్పారు. 2013లో వచ్చిన జాతీయ ఆడిట్‌లో 20 వేల పరీక్షలు చూస్తే చేరిన శాతం 92. యంత్రాలు మెరుగయ్యాయి, నిజమే. కానీ ఎవరు ఎంత బాగా చేస్తున్నారో కొలవడం మొదలయ్యాకే ఈ మార్పు వచ్చింది.

కొలిచే సంఖ్యల్లో ముఖ్యమైనది, ఒక డాక్టరు చేసే ప్రతి వంద పరీక్షల్లో ఎన్నింటిలో క్యాన్సర్‌గా మారే రకం పాలిప్ కనిపెడుతున్నారన్నది. ఈ శాతం ఒక్కటి పెరిగితే ఆ డాక్టరు చూసిన రోగులకు తర్వాత క్యాన్సర్ వచ్చే ముప్పు 3 శాతం తగ్గుతుందని 2014లో అమెరికా అధ్యయనం ఒకటి చూపించింది. మన దగ్గర ఎండోస్కోపీ నైపుణ్యానికి కొదవ లేదు. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నడిపే హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి విదేశాల నుంచి కూడా డాక్టర్లు నేర్చుకోవడానికి వస్తారు. ఆ నైపుణ్యం జిల్లా ఆసుపత్రుల దాకా దిగాలి. దిగిన చోట కొలత కూడా ఉండాలి.

ల్యాబుల దగ్గర, చెకప్ ప్యాకేజీలు అమ్మే చోట కూడా ఒక మాట చెప్పాల్సి ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు ‘ఫుల్ బాడీ చెకప్’ బుక్ చేస్తారు. అందులో కడుపు అల్ట్రాసౌండ్, సీఈఏ అనే రక్తపరీక్ష ఉంటాయి. రెండూ నార్మల్ అని రాగానే పేగు క్యాన్సర్ లేదని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అల్ట్రాసౌండ్‌లో పాలిప్ కనిపించదు. సీఈఏ పరీక్ష జబ్బు తేలినవాళ్లలో, చికిత్స తర్వాత మళ్లీ వస్తోందేమో చూడటానికి పనికొస్తుంది, కొత్తగా కనిపెట్టడానికి కాదు.

చీర కుచ్చిళ్ల దగ్గర సంచీ

ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాక క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ పేదవాళ్లకు అందుబాటులోకి వచ్చాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటివి వేలమందిని చూస్తున్నాయి. చికిత్స ముగుస్తుంది. రోగి బస్సెక్కి ఊరికి వెళ్తాడు. అతని చేతిలో ఇంగ్లీషులో రాసిన డిశ్చార్జి కాగితం ఉంటుంది. ఊళ్లో ఏఎన్‌ఎంకు బీపీ, షుగరు రోగుల జాబితా ఉంది. ఇతను ఆ జాబితాలో లేడు. శిక్షణల్లో అందరికంటే నిర్లక్ష్యానికి గురైన భాగం ఇదే.

కడుపు మీద స్టోమా పెట్టిన మనిషినే చూడండి. పేగు కొసను కడుపు గోడ మీదికి తెచ్చి, మలం సంచీలోకి వచ్చేలా చేస్తారు. ఆ రంధ్రం ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే, రోగిని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చెప్పి పెన్నుతో గుర్తు పెట్టాలి. పాశ్చాత్య పుస్తకాలు ప్యాంటు బెల్టును తప్పించమంటాయి. మన దగ్గర చూడాల్సింది చీర కుచ్చిళ్లు దోపుకునే చోటు, పంచె ముడి పడే చోటు. కింద బాసింపట్టు వేసుకుని అన్నం తినేటప్పుడు కడుపు మడత ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. మడతలో సంచీ అంటించే ప్లేటు నిలవదు, కారుతుంది, చర్మం పుండు పడుతుంది. గుర్తు పెట్టకుండా ఆపరేషన్ చేస్తే ఆ మనిషి మిగిలిన జీవితం అంతా ఆ కారడంతోనే బతకాలి. ప్లేటుకు కత్తిరించే రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. ఎక్కువైతే మలం చర్మానికి తగులుతుంది. ముంబై టాటా మెమోరియల్‌లో నర్సులకు దీని మీదే ప్రత్యేక కోర్సు ఉంది. జిల్లాకు ఒక్క స్టోమా నర్సు ఉన్నా, పెళ్లికి వెళ్లడం మానేసి, గుడికి వెళ్లడం మానేసి ఇంట్లో కూర్చున్న ఎంతోమంది మళ్లీ గడప దాటతారు.

సంచీ లేనివాళ్లకూ కష్టాలున్నాయి. పురీషనాళం కింది భాగం తీసేసి పేగు కలిపినవాళ్లకు రోజుకు ఎనిమిది, పదిసార్లు విరేచనం అవుతుంది. వస్తోందంటే ఆపుకోలేరు. బస్సులో ప్రయాణం అంటేనే టెన్షన్. ఇది ఆపరేషన్ తర్వాత చాలామందికి వచ్చేదే అని, విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మాత్రను ఎలా సర్దుకోవాలో, కటి కండరాలను బిగించే వ్యాయామం ఎలా చేయాలో చెప్పేవాళ్లుంటే సగం బాధ తీరుతుంది. ఎవరూ అడగరు కాబట్టి రోగి చెప్పడు. దాంపత్య జీవితం గురించి అసలే అడగరు. ఆపరేషన్‌లో, రేడియేషన్‌లో అక్కడి నరాలు దెబ్బతినే అవకాశం ఉందని ముందే తెలిసిన విషయమే అయినా.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లకు ఆ రోజుల్లో ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు బిగుసుకుపోయినట్టు, చల్లటి గిన్నె ముట్టుకుంటే వేళ్లకు షాక్ కొట్టినట్టు ఉంటుంది. అది పోయాక కూడా కొందరికి అరికాళ్ల మొద్దుబారడం నెలలు, ఏళ్లు ఉండిపోతుంది. చెప్పు జారిపోయినా తెలియదు. పొలంలో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పూలు మాల కట్టే చేతులకు దారం పట్టు దొరకదు. ఏఎన్‌ఎం దీన్ని షుగరు వల్ల వచ్చిన తిమ్మిరి అనుకోకుండా, కీమో సంగతి అడిగి తెలుసుకునేలా ఉండాలి. కాళ్లు రోజూ చూసుకోమని చెప్పడం మాత్రం రెండింటికీ ఒకటే.

చికిత్స తర్వాత నడక, వ్యాయామం గురించి ఇప్పటిదాకా ‘మంచిదే’ అన్నట్టు చెప్పేవారు. 2025లో వెలువడిన ఒక అంతర్జాతీయ ప్రయోగం ఆ మాట బరువును మార్చింది. కీమో ముగిసిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో సగం మందికి మూడేళ్ల పాటు శిక్షకుడి తోడుతో వ్యాయామం చేయించారు. మిగతావాళ్లకు పుస్తకం ఇచ్చారు. ఎనిమిదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 90 శాతం, పుస్తకం అందుకున్నవాళ్లలో 83 శాతం. ఇక్కడ గమనించాల్సింది, పుస్తకం ఇచ్చినవాళ్లకూ వ్యాయామం మంచిదని తెలుసు. తేడా తెచ్చింది వెంటబడి నడిపించిన మనిషి. సిగరెట్, సారా మానేయమనీ, బరువు పెరగనివ్వొద్దనీ, జొన్నలు, పప్పులు, కూరగాయలు తినమనీ చెప్పే నివారణ పాఠానికి కూడా ఇదే వర్తిస్తుంది.

మరి ఇంతమందికి ఇన్ని సంగతులు ఎవరు నేర్పాలి? జిల్లా కేంద్రంలో ఒకరోజు వర్క్‌షాపు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్ పద్ధతిలో కుదరదు. అమెరికాలోని న్యూమెక్సికోలో సంజీవ్ అరోరా అనే కాలేయ వైద్యుడు 2003లో ఇంకో దారి మొదలుపెట్టాడు. పల్లె డాక్టర్లు వారానికోసారి వీడియోలో కలిసి తమ దగ్గరున్న అసలు రోగుల కేసులు చెబుతారు, నిపుణులు వింటారు, అందరూ కలిసి తేలుస్తారు. అలా నేర్చుకున్న పల్లె డాక్టర్లు హెపటైటిస్ సి రోగులను యూనివర్సిటీ ఆసుపత్రికి సమానంగా నయం చేశారని 2011లో తేలింది. మన దేశంలో నోయిడాలోని జాతీయ క్యాన్సర్ నివారణ పరిశోధన సంస్థ ఇదే పద్ధతిలో ఆరోగ్య సిబ్బందికి క్యాన్సర్ పరీక్షల శిక్షణ ఇచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు తెలుగులో ఇలాంటి గురువారం సాయంత్రపు గంట ఒకటి మొదలుపెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. ‘మూడోసారి మెట్రోనిడజోల్ అడుగుతున్న 44 ఏళ్ల మనిషి వచ్చాడు, ఏం చేయాలి’ అని ఒక పీహెచ్‌సీ డాక్టరు అడిగితే, ఆ జవాబు వింటున్న మిగతా ముప్పై మందికీ అందుతుంది.

ఆ గంటలో నర్సులకు చెప్పాల్సిన సంగతుల్లో ఒకటి చాలా చిన్నది. చికిత్స అయిన రోగి మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ పరీక్షకు, ఆపరేషన్ అయి ఏడాది నిండాక కొలనోస్కోపీ తేదీ కోసం వస్తాడు. తోడుగా కొడుకో, తమ్ముడో వస్తాడు. పక్క కుర్చీలో కూర్చుని ఫైలు పట్టుకుని ఉంటాడు. అతని వయసు ఎవరూ అడగరు. కన్నవాళ్లకో, తోబుట్టువులకో అరవై లోపు ఈ జబ్బు వస్తే మిగతావాళ్లు నలభయ్యో ఏటగానీ, వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందుగానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. తండ్రికి 46లో బయటపడితే కొడుక్కి 36. నర్సు తండ్రి కేస్ షీటు చివరి పేజీలో కొడుకు పేరు, అతనికి 36 నిండే సంవత్సరం రాసి, అదే కాగితం మీద ఫోన్ నంబరు తీసుకోవాలి.